చూచిన కోటలు – చదువని శాసనాలు

పటాన్‌చెరువు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతంలో పనిచేసే మన సోదరులలో, సెలవు దినాన బస్సు మాట్లాడుకొని ఏదైనా చారిత్రక స్థలానికి వెళ్ళి రాత్రికి తిరిగి రావడమనే అలవాటు బాగా పాదుకొన్నది. లక్డారం వంటి గ్రామాల నుండి కూడా ఇట్టి ప్రయాణాలు జరుగుతున్నాయి. ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరితే సదాశివపేట, జహీరాబాదు మీదుగా నూరు కిలోమీటర్లకు కాస్త పైబడిన దూరంలో బీదరు ఉన్నది. ఇటు హైదరాబాదు వైపు తిరిగితే గోలకొండ, కుతుబ్‌షాహీ సమాధులు ఇంకా దగ్గర. ఈ అలవాటు మంచిదే. దీనిని నిరుత్సాహపరచడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే ఒక గ్రంథాన్ని మనం ఎట్లా చదువుతున్నామని అడిగినట్లే, ఒక కోటను ఎట్లా చూస్తున్నామని కూడా అడుగవలసి ఉంటుంది. దక్కనులోని ఈ కట్టడాల విషయంలో ఈ పోలిక కేవలం అలంకారం కాదు. ఇవి నిజంగానే రాతలతో నిండిన కట్టడాలు. గోడల మీద, గుమ్మాల మీద, గోరీల మీద అరబ్బీ, ఫార్సీ వాక్యాలు చెక్కి ఉన్నాయి. వాటి ముందు నిలబడి, ఒక్క ముక్కైనా చదువకుండా, ఛాయాచిత్రం తీసుకొని వచ్చేవారే మనలో అధికులు.

ఇందులో విచిత్రమేమంటే, చదువగలవారు వెళ్ళడం లేదు; వెళ్ళేవారు చదువలేరు. మన మదరసాలలో ఏళ్ళ తరబడి అరబ్బీ, కొంత ఫార్సీ నేర్చుకొన్న యువకునికి బీదరు గోడ మీది సుల్స్ లిపి పెద్ద కష్టం కాదు. కాని అతనికి ఆ ప్రయాణం వృథా కాలక్షేపమని చెప్పిన పెద్దలు ఉన్నారు. విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివిన యువకుడు ఉత్సాహంగా వెళ్తాడు. తేదీలు, రాజుల పేర్లు అతనికి కంఠస్థమే. గోడ మీది అక్షరం మాత్రం అతనికి లతల అల్లిక వలె కనిపిస్తుంది. ఈ రెండు విద్యాలయాల మెట్లూ ఎక్కిన వాడను కనుక ఈ మాట ఎవరినో తప్పు పట్టడానికి కాక, రెండు వైపులా ఉన్న లోటు తెలిసి అంటున్నాను.

చదువని చోట కథ వచ్చి కూర్చుంటుంది. గోలకొండలో కింద ద్వారం వద్ద చప్పట్లు కొడితే పైన బాలాహిసారులో వినిపించడం, రామదాసు చెరసాల, ఇంతటితో మూడు గంటల దర్శనం ముగిసిపోతుంది. 1687లో ఔరంగజేబు సేనలు దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించిన కోట అది. ద్వారం తెరిపించినది ఫిరంగి కాదు, లోపలివారి ద్రోహం. ముట్టడించినవారూ ముస్లింలే, ముట్టడికి గురైనవారూ ముస్లింలే. ‘ఇది మన పాలన చిహ్నం’ అని గర్వంగా చెప్పుకొనే సోదరులు ఆ ఎనిమిది నెలలను ఏ పద్దులో వేస్తారో చెప్పవలసి ఉంటుంది. చప్పట్ల వినోదం ఇటువంటి ప్రశ్నలు అడుగనివ్వదు.

బీదరు విషయమే తీసుకొందాము. అష్టూరు వద్ద బహమనీ సుల్తానుల సమాధులు వరుసగా ఉన్నాయి. వాటిలో హుమాయూన్ షా (1458–61) సమాధి పిడుగుపాటుకు చీలి, గుమ్మటం సగం కూలి, లోపలి నిర్మాణమంతా కోసి చూపినట్లు నిలబడి ఉన్నది. ఈ సుల్తానుకు ‘జాలిం’ అనే బిరుదు తగిలించబడినది. కనుక అక్కడ చెప్పే కథ సులభం: క్రూరుని సమాధిని దైవం పిడుగుతో శిక్షించినాడని. వినేవారు తల ఊపుతారు. కొందరు తౌబా చెప్పుకొంటారు. కాని అదే రోజు ఉదయం వారు చూచి వచ్చిన మహమూద్ గవాన్ మదరసా సంగతి ఏమిటి? దాని ముందు భాగంలో సగం, రెండు మీనారులలో ఒకటి కూలిపోయినవి. పదిహేడవ శతాబ్దం చివర, మొగలుల కాలంలో, అక్కడ నిలువ చేసిన తుపాకీమందు పిడుగు పడి పేలడమే దానికి కారణమని చెప్పుకొంటున్నారు. జాలిం సమాధి మీద పడిన పిడుగు శిక్ష అయితే, విద్యాలయం మీద పడిన పిడుగు ఏమవుతుంది? ఒక కథను నమ్మినవారు రెండవదానికి సమాధానం చెప్పాలి. నిజానికి హుమాయూన్ దుష్కీర్తికి ప్రధాన ఆధారం ఫిరిష్తా రచన. ఆయన బీజాపూరులో, ఆదిల్‌షాహీల ఆశ్రయంలో, సుమారు నూట యాభై సంవత్సరాల తరువాత వ్రాసినవాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యులు హారూన్ ఖాన్ షేర్వానీ గారు తమ బహమనీ చరిత్రలో ఈ దుష్కీర్తిని అట్లే స్వీకరించక తూచి చూచినారు. ఆ తూకం మన బస్సులలోనికి రాలేదు.

గవాన్ మదరసాను గురించి కొంచెం విపులంగా చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే మన సందర్శకులు అక్కడ గడిపే సమయం చాలా తక్కువ. భోజనానికి, అష్టూరు ప్రయాణానికి మధ్య ఇరుకున పడే అరగంట. గీలాన్ దేశం నుండి వర్తకునిగా వచ్చి, బహమనీ రాజ్యానికి మహామంత్రి అయిన మహమూద్ గవాన్ దీనిని ఖురాసాన్ మదరసాల పద్ధతిలో మూడు అంతస్తులుగా కట్టించినాడు. ముఖభాగంలో మిగిలిన రంగుల పలకలను, వాటి మీది సుల్స్ లిపిలోని ఖుర్ఆన్ వాక్యాలను ఈనాటికీ చూడవచ్చు. దీని నిర్మాణ సంవత్సరాన్ని తెలిపే కాలసూచిక ఒకటి చరిత్ర గ్రంథాలలో నమోదై ఉన్నది. ఇబ్రాహీం, ఇస్మాయీల్ ప్రవక్తలు (అలై) కాబా పునాదులు లేపుతూ చేసిన ప్రార్థన దివ్య ఖుర్ఆన్‌లోని అల్‌బఖరా సూరాలో ఉన్న సంగతి పాఠకులకు విదితమే. ఆ ప్రార్థన మొదటి మూడు పదాలే ఈ కాలసూచిక. మొదటి పదం ప్రభువును పిలుస్తుంది. రెండవది స్వీకరించుమని వేడుకొంటుంది. మూడవది ‘మా నుండి’ అంటుంది. అబ్జద్ లెక్క ప్రకారం ప్రతి అక్షరానికి ఒక విలువ ఉన్నది కదా. మొదటి పదంలో రే 200, బే 2, నూన్ 50, అలిఫ్ 1, వెరసి 253. రెండవ పదంలో తే 400, ఖాఫ్ 100, బే 2, లామ్ 30, వెరసి 532. మూడవదానిలో మీమ్ 40, నూన్ 50, అలిఫ్ 1, వెరసి 91. మొత్తం 876. హిజ్రీ 876 అనగా క్రీస్తు శకం 1471–72.

తేదీ చెప్పడానికి ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడుగవచ్చు. కాని ఇక్కడ జరిగినది తేదీ చెప్పడం మాత్రమే కాదు. ఒక ఇల్లు కట్టి, ‘మా నుండి దీనిని స్వీకరించు’ అని వేడుకొన్న తండ్రి కొడుకుల మాటలోనే మరొక ఇల్లు కట్టిన సంవత్సరం దాగి ఉన్నట్లు గుర్తించిన బుద్ధి అది. ప్రార్థనకు, సంవత్సరానికి మధ్య ఎడం లేదు. అనువాదకునిగా నాకు ఇది పెద్ద చిక్కు. ఆ మూడు మాటలను తెలుగులో ఎంత చక్కగా పెట్టినా, తెలుగు అక్షరాలను కూడితే 876 రాదు. అర్థం మిగులుతుంది, లెక్క పోతుంది. లెక్కను మిగుల్చుకోవాలంటే అరబ్బీ పదాలను అట్లే ఉంచి కింద వివరణ వ్రాయాలి. అప్పుడు ప్రార్థన ఒక గణిత సమస్యగా కనిపిస్తుంది. అనువాదకుడు రెండింటిలో ఏదో ఒకటి వదులుకోక తప్పని చోటు ఇది. నా మట్టుకు నేను అర్థాన్ని పైన, లెక్కను కింద పెడతాను. కాని చూచేవానికి ఈ రెండూ ఒక్కసారి దొరకాలంటే, అక్షరం తెలిసినవాడు ఒకడు ఆ గోడ ముందు పక్కన నిలబడి చెప్పడం కంటె మంచి మార్గం లేదు.

గవాన్ మరణం కూడా ఒక రాత వలననే సంభవించినది. ఆయన గొప్ప లేఖకుడు. ‘రియాజుల్ ఇన్షా’ అనే లేఖల సంకలనంలో కవి జామీకి, ఉస్మానియా సుల్తాను రెండవ మహమ్మదుకు వ్రాసిన ఉత్తరాలు ఉన్నాయి. శత్రువులు ఆయన ముద్ర ఉన్న ఖాళీ కాగితం సంపాదించి, ఒరిస్సా రాజును దండయాత్రకు ఆహ్వానిస్తున్నట్లు దాని మీద ఉత్తరం సృష్టించినారు. 1481లో, తెలుగు తీరం మీద దండయాత్ర సాగుతున్న కాలంలో, మూడవ మహమ్మద్ షా ఆ ముద్రను చూచినాడు, విచారణ చేయలేదు, వృద్ధుడైన మంత్రిని వధింపజేసినాడు. మరుసటి సంవత్సరమే సుల్తాను మరణించినాడు. ఆ తరువాత రాజ్యం ముక్కలై అయిదు సుల్తానత్‌లుగా విడిపోయిన వైనం అందరికీ తెలిసినదే.

ఇంతకీ మన ప్రయాణాల మీద మత పక్షాన వచ్చే ఆక్షేపణను దాటవేయరాదు. సమూదు జాతి నివసించిన హిజ్ర్ ప్రాంతం మీదుగా తబూక్‌కు వెళ్తున్నప్పుడు దైవప్రవక్త (స) తమ అనుచరులను దుఃఖభావంతో తప్ప అక్కడ ప్రవేశించవద్దని వారించిన సంగతి ప్రామాణిక హదీసులలో ఉన్నది. దీనిని చూపి, శిథిలాలన్నింటికీ దూరంగా ఉండవలెనని కొందరు చెబుతారు. ఈ వాదంలో ఒక అడుగు తప్పిపోయినది. హిజ్ర్ దైవ శిక్షకు గురైన జాతి స్థలమని వహీ ద్వారా తెలిసినది. బీదరు, గోలకొండలకు అటువంటి సాక్ష్యం లేదు. పిడుగు సాక్ష్యం కాదని పైన చూచినాము. భూమిపై సంచరించి పూర్వుల పర్యవసానాన్ని చూడుమని దివ్య ఖుర్ఆన్ పలుమార్లు ఆదేశించినది. సమాధుల మీద కట్టడాలు కట్టడం గురించిన నిషేధం వేరే సంగతి. అది కట్టినవారి లెక్క. కట్టి అయిదు వందల ఏళ్ళు దాటిన గోడ మీది వాక్యాన్ని చదివినంత మాత్రాన దానిని ఆరాధించినట్లు కాదు. ఆక్షేపించే పెద్దలు తమ విద్యార్థులను పంపి, అక్కడ ఏమి వ్రాసి ఉన్నదో చదివించి, తరువాత తప్పొప్పులు చెబితే ఆ విమర్శకు బలం ఉంటుంది.

నిజానికి చదివితేనే విమర్శకు పని దొరుకుతుంది. అష్టూరులోని అహమద్ షా వలీ సమాధి లోపల, బంగారు, రంగుల లేఖనంలో షా నేమతుల్లా కిర్మానీ ఫార్సీ పద్యాలు, ఆయన గురుపరంపర పట్టికలు ఉన్నాయి. ఆ సూఫీ 1431లో మరణించినప్పుడు కిర్మాన్ దగ్గరి మాహాన్‌లో ఆయన సమాధి కట్టించినది కూడా ఈ బీదరు సుల్తానే. అదే సమాధికి ఏటా జరిగే ఉరుసులో ఒక జంగమయ్య ముఖ్యస్థానం వహిస్తాడు. చుట్టుపట్ల హిందూ సోదరులు ఆ సుల్తానును అల్లమ ప్రభు అంశగా భావిస్తారు. తౌహీదు దృష్టితో ఇందులో ఎన్నో అంగీకరించలేని సంగతులు ఉండవచ్చు. కాని ఏమున్నదో తెలియకుండా ‘షిర్క్’ అనడం, ఏమున్నదో తెలియకుండా ‘మత సామరస్యం’ అనడం, రెండూ ఒకే రకమైన బద్ధకం.

ఇక్కడ ఒక పిట్టకథ. బీదరు కోట దక్షిణాన రాతిలో తొలిచిన మూడు వరుసల అగడ్త ఉన్నది. లక్డారం చుట్టుపట్ల రాతి క్వారీలు, క్రషర్లు ఉన్న సంగతి ఆ దుమ్ము పీల్చేవారికి వేరే చెప్పనక్కరలేదు. అక్కడి నుండి వచ్చిన బృందంలో రాయి కొట్టే పెద్దమనిషి ఒకాయన అగడ్త అంచున కూర్చొని, మిగతావారు రంగీన్ మహల్ చూచి వచ్చేదాకా కదలలేదు. ‘మందు పెట్టకుండా ఇంత లోతు ఎట్ల దీసిన్రు మౌల్వీసాబ్’ అని అడిగినాడు. అది ఆ రోజు మొత్తంలో అడిగిన అతి మంచి ప్రశ్న. మన వైపు నల్లసేనపు రాయి వంటిది కాదు అక్కడి రాయి. అది ఎర్రని జాంబిట్టి రాయి; భూమిలో ఉన్నప్పుడు మెత్తగా తెగుతుంది, గాలి తగిలిన కొలది గట్టిపడుతుంది. గోలకొండ గోడలను ఆయనే చూస్తే వేరే ప్రశ్న అడిగేవాడు. చదవడం అంటే అక్షరాలు చదవడమే కానక్కరలేదని ఈ సందర్భంగా ఒప్పుకోవలసి ఉన్నది.

ఇక గ్రంథాల సంగతి. ఉర్దూలో ఈ పనికి గొప్ప ఆరంభం జరిగినది. 1847లో సర్ సయ్యద్ అహమద్ ఖాన్ ఢిల్లీ కట్టడాల మీద ‘ఆసారుస్సనాదీద్’ వెలువరించినారు. కుతుబ్ మీనారు పైభాగపు శాసనాలు కింది నుండి కనిపించక, తాళ్ళతో కట్టిన బుట్టలో కూర్చొని పైకి వెళ్ళి నకలు తీసుకొన్నారని ఆయన జీవిత చరిత్రలో హాలీ వ్రాసినారు. మన నిజాం రాజ్యంలో గులాం యజ్దానీ గారు 1914 నుండి సుమారు మూడు దశాబ్దాలు పురావస్తు శాఖకు అధిపతిగా ఉండి, శాసనాలను ఒక్కొక్కటిగా చదివి ప్రకటించినారు. 1947లో వచ్చిన ఆయన బీదరు గ్రంథం ఈనాటికీ ఈ విషయంలో మొదట తెరవవలసిన పుస్తకం. అందులో కొలతలున్నాయి, పటాలున్నాయి, శాసనాల మూలం, అనువాదం ఉన్నాయి. దానిని చేతబట్టుకొని బయలుదేరినవాడు ఒక్క రోజులో బీదరు చూచి రాలేడు. దానిలోని గుణమే అది. లోపం ఏమంటే అది పెద్ద గ్రంథాలయాలలో ఉండే బరువైన ఆంగ్ల గ్రంథం. దాని పాఠకుడు బస్సులో వెళ్ళేవాడు కాడు.

తెలుగు శాసనాల విషయంలో తెలుగు పండితులు చేసిన కృషి తక్కువది కాదు. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రకటించినది. ఆ విధంగా తెలుగు రాయి తెలుగులోకి వచ్చినది. ఫార్సీ రాయి ఆంగ్లంలోకి పోయినది. ఒకే ఊరిలో, ఒకే కాలంలో, ఒక్కొక్కప్పుడు ఒకే ప్రభువు కింద చెక్కిన రెండు రాళ్ళు రెండు వేర్వేరు అలమారాలలో చేరినవి. ఉభయులనూ కలిపి చదువవలసిన తెలుగు ముస్లిం పాఠకుడు ఏ అలమారా ముందూ నిలబడలేదు.

దీనికి దృష్టాంతం వెతకడానికి బీదరు దాకా పోనక్కరలేదు. మన బస్సు ఎక్కే చోటనే ఉన్నది. పటాన్‌చెరువు అంటే ఈనాడు మందుల ఫ్యాక్టరీలు, నక్కవాగు కాలుష్యం, 1972లో వచ్చిన ఇక్రిసాట్ సంస్థ గుర్తుకు వస్తాయి. ఇబ్రాహీం కుతుబ్‌షా కాలంలో ఇక్కడ అమీన్ ఖాన్ అనే అమీరు నివసించినాడు. పొన్నికంటి తెలగనార్యుడు తన ‘యయాతి చరిత్ర’ను ఆయనకే అంకితమిచ్చినాడు. సంస్కృత తత్సమాలు విడిచి పూర్తిగా అచ్చతెలుగులో వ్రాసిన మొదటి కావ్యంగా సాహిత్య చరిత్రకారులు దానిని పేర్కొంటారు. అమీన్ ఖాన్ సమాధి పటాన్‌చెరువులోనే ఉన్నది, శాసనాలతో సహా. ఆయన ధర్మార్థం ఏర్పరచిన తోటను గురించి ఫిలిప్ వాగనర్ అనే అమెరికా పండితుడు 2012లో ఒక విపులమైన వ్యాసం ప్రకటించినాడు. ఫార్సీ శాసనాన్ని, అచ్చతెలుగు కావ్యాన్ని పక్కపక్కన పెట్టి చదివిన వ్యాసం అది. అట్లా చదవడానికి అమెరికా నుండి ఒకరు రావలసి వచ్చినది. ఈ ఊరి వారము మాత్రం ఆ సమాధి ఉన్న ఊరిలోనే బస్సు ఎక్కి బీదరు వైపు సాగిపోతున్నాము.

మన సాహిత్య చరిత్రలలో అమీన్ ఖాన్ ప్రసక్తి ఒక వాక్యంలో ముగుస్తుంది: ‘ముస్లిం ప్రభువు అయినప్పటికీ తెలుగును ఆదరించినాడు’ అనే ధోరణిలో. ఈ ‘అయినప్పటికీ’ నాకు నచ్చదు. మన వైపు సోదరులు దానిని పొగడ్తగా తీసుకొని ఉపన్యాసాలలో వాడుకొంటారు, అదీ నచ్చదు. ఆనాటి అమీరుకు తెలుగు వినడంలో ‘అయినప్పటికీ’ ఏదీ కనిపించి ఉండదు. కోర్టులో ఫార్సీ, ఇంటిలో దక్కనీ, ఊరిలో తెలుగు నడిచిన జీవితం ఆయనది. లక్డారంలో ఈనాటి ముస్లిం కుటుంబాల జీవితం కూడా, ఫార్సీ స్థానంలో ఆంగ్లాన్ని పెట్టుకొంటే, ఇంచుమించు అంతే.

కనుక ఒక సూచన చేస్తున్నాను. ఇటువంటి ప్రయాణాలు ఏర్పాటు చేసే సంఘాలు వచ్చే శీతకాలంలో మొదటి మజిలీగా పటాన్‌చెరువును పెట్టుకోవాలి. ఒక మదరసా విద్యార్థిని, ఒక తెలుగు ఉపాధ్యాయుని వెంట తీసుకొనిపోవాలి. మొదటివాడు రాయి చదవాలి, రెండవవాడు కావ్యంలోని అవతారిక చదవాలి. మన సంస్థ ఒక్కొక్క స్థలానికి రెండు పుటల చిన్న పత్రం అచ్చు వేయగలదు. మూలం తెలుగు లిపిలో, అర్థం తెలుగులో, హిజ్రీ, క్రీస్తు శకాల తేదీలతో. అనువాదం భారం కొంత నేను వహిస్తాను. పని మొదలుపెట్టినాను కూడా. మొదటి పుటలోనే ఆగిపోయినాను. ధర్మార్థం ఏర్పరచిన తోటకు మన ఫిఖ్‌హ్ పరిభాషలో వక్ఫ్ అనే మాట ఉన్నది. తెలగనార్యుని పాఠకులకు అది ఏ మాటతో చెప్పాలి? ‘ధర్మం’ సంస్కృతం, ఆయన కావ్యంలో దానికి చోటు లేదు. ‘ఈవి’ అందామంటే అది ఇచ్చివేయడం. వక్ఫ్ అంటే మూలార్థంలో నిలిపి ఉంచడం, ఎవరికీ అమ్ముడుపోకుండా ఆపి పెట్టడం. ‘నిలుపుదల’ అని వ్రాసి చూచినాను. తోటకు ఆ మాట అతకలేదు. పాఠకులలో ఎవరికైనా మంచి మాట తోచితే సంపాదకుల పేర వ్రాయ ప్రార్థన.